కాకికి చెప్పిన ఆఖరి ఎపిసోడు

"టమోటాకు ఆకుముడత ఎట్లనో, సంసారానికి టీవీ సీరియల్ అట్ల!"

ఈ మహావాక్యాన్ని మా పత్తికొండ సంస్కార పరిరక్షణ సంఘం అధ్యక్షులు, టమోటా మండీ యజమాని శ్రీ వెంకటరమణయ్యగారు మైకులో సెలవిచ్చినప్పుడు సభలో చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే. నాకు సంస్కారం లేక కాదు, చేతులు ఖాళీ లేక! ఆ మైకు వైరు ఊడిపోకుండా పట్టుకుని నిలబడింది నేను.

నా పేరు ఓబుళేశు. ఏడో తరగతిలో బడి వదిలి స్క్రూడ్రైవర్ పట్టినవాణ్ణి. టీవీలు బాగుచేస్తాను, డిష్‌లు బిగిస్తాను. నా అంగడి ఉన్నది మండీ పక్కన, వెంకటరమణయ్యగారి గదిలోనే. అంటే చీడకు కాపురం పెట్టించిందీ ఆయనే, మందు కొట్టేదీ ఆయనే.

ఆనాటి సభలో ఒక తీర్మానం కూడా చదివారు. "సాయంత్రం ఏడు గంటలకు ప్రసారమగు 'లిల్లీ–మల్లి' అను ధారావాహికయందు ఇద్దరు స్త్రీలు నల్లకళ్ళద్దములు ధరించి, హెలికాప్టరు నుండి దూకి, మగవారిని తన్నుచున్నందున, సదరు ధారావాహికను గౌరవనీయ కుటుంబములు చూడరాదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఎవరూ చూడని సీరియల్లో హెలికాప్టరు ఉందని సంఘానికి ఎట్లా తెలిసిందో నేను అడగలేదు. ఏడో తరగతితో ఆగిపోయినవాడు అడగాల్సిన ప్రశ్న కాదది!

అదే రోజు సాయంత్రం ఏడు కావస్తుండగా, ఎప్పటిలాగే నా అంగడి వెనక తలుపు చప్పుడైంది. తలకు తువ్వాలు చుట్టుకుని అధ్యక్షులవారు లోపలికొచ్చి, పాత స్పీకర్ పెట్టె మీద కూర్చున్నారు.

"మొదలైందా అప్పా?"

"ఇంకా సబ్బు ప్రకటన వస్తాండాది సావుకారీ. అయినా, పొద్దున చూడొద్దని మైకులో అంటిరి గదా!"

"అది జనానికి చెప్పినా. నేనేమన్నా జనమా? సౌండు తగ్గించు."

ఆ అరగంటా ఆయన ముఖం చూసి తీరాలి. పొద్దుగాల నుంచి మండీలో రైతుల తిట్లు, లారీవాళ్ళ తిట్లు, ధర పడిపోయిన నాడు రోడ్డు మీద పారబోసిన టమోటాల వాసన! అవన్నీ గడప బయట వదిలేసి, పసిపిల్లాడిలాగా నోరు తెరిచి చూసేవారు. లిల్లీ మూడో అంతస్తు నుంచి దూకేది. మల్లి పట్టుచీరతోనే మోటారుసైకిలెక్కి గోడ దూకేది. కారు గాల్లో పల్టీ కొట్టి కింద పడితే దుమ్ము దులుపుకుని లేచి, లిప్‌స్టిక్ సరిచేసుకునేవారు.

"చూడప్పా ఓబుళేశూ, అంత ఎత్తు నుంచి దూకినా ముఖాన పౌడరు చెదరల్యా! నేను మండీ మెట్టు దిగితేనే మోకాళ్ళు పట్టుకుంటాయి."

"అంతా ఉత్తదే గదా సావుకారీ."

"ఉత్తదని నాకు తెల్దా? నిజం చూసేకి నాకు మండీ ఉండాది గదప్పా!"

నేను తెరను ఇంకొంచెం ఆయన వైపు తిప్పాను.

సీరియల్ ముగింపుకొచ్చింది. నల్ల ముసుగు వేసుకుని వజ్రం దొంగిలించినవాడు ఎవడో ఆఖరి ఎపిసోడులో తేలుతుంది. "ఆ ముసుగోడెవడో తెలుసుకోకుండా పోతే నా ప్రాణం ఊరుకోదప్పా" అన్నారాయన. వెళ్తూ వెళ్తూ, ఎప్పుడూ చెప్పే మాట మళ్ళీ చెప్పారు. "బయట నోరు జారినావంటే నీ అంగడికి బీగమే!"

మరునాడు మధ్యాహ్నం మండీలో తూకం చూస్తూ చూస్తూ ఆయన ఒరిగిపోయారు. ఆఖరి ఎపిసోడు ఆ వారంలోనే ఉంది.

ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. "నిరాడంబర సంస్కార చక్రవర్తికి అశ్రునివాళి!" ఆయన కొడుకు మురళి నా అంగడి ముందు నిలబడి ఆజ్ఞ ఇచ్చాడు.

"ఏమప్పా, కర్మ అయ్యేదాకా నీ అంగట్లో టీవీ కూత వినపడకూడదు. పక్కనే సూతకం పెట్టుకుని సినిమాలేస్తే మా నాయన ఆత్మ క్షోభిస్తాది."

అంగడి మూశాను. ఇంట్లో నాకు టీవీ లేదు, కుండలు చేసేవాని ఇంట్లో ఓటికుండే! నా ఫోను నొక్కుడు బటన్ల ఫోను. ఆఖరి ఎపిసోడు వచ్చింది, పోయింది. వాళ్ళింట్లో కూడా టీవీ మీద తెల్లపంచె కప్పి, గోడకేసి తిప్పి పెట్టారని ఊరంతా మెచ్చుకుంది.

పదోనాడు ఊరి బయట వాళ్ళ తోటలో, బావి పక్కన పిండం పెట్టారు. ఆకులో ఓళిగలు, వడలు, పెసరపప్పు. ఎదురుగా వేపచెట్టు మీద కాకి. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవారికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేందో తెలిసి, తీరుస్తామని మాట ఇచ్చేదాకా ఎవరికీ అన్నం లేదు.

కాకి ముట్టలేదు.

ఎండ నెత్తికెక్కింది. పురోహితుడు రాఘవేంద్రాచార్లు గొడుగు కింద నుంచే అన్నాడు, "ఏదో కొరత ఉండాది మురళీ. మాట ఇయ్యండప్పా, పెద్దాయన వింటాండాడు."

మురళి చేతులు జోడించాడు. "నాయనా! మంత్రాలయంలో అన్నదానం చేయిస్తా!"

కాకి రెక్క గీక్కుంది.

భార్య రాజ్యలక్ష్మమ్మ లేచింది. "ఏమండీ, మీ చెల్లెలితో మాట్లాడతాలే. వచ్చి తినండి."

"నాతో మాట్లాడేది నీకు అంత కష్టమా వదినా?" అంది పక్కనే కూర్చున్న చెల్లెలు.

కాకి తోక చూపించింది. కోడలు పద్మప్రియ కళ్ళు తిరుగుతున్నాయంటూ కూలబడింది. చుట్టాలు వంటపాత్రల వైపు చూస్తున్నారు. మురళికి చెమటలు పట్టాయి. కాకి ముట్టని ఇల్లంటే ఊళ్ళో తలెత్తుకుని తిరిగేదెట్లా? ఒక్కసారిగా గొంతెత్తాడు.

"నాయనా! ఓబుళేశు అంగడి ఖాళీ చేయించి, ఆ తావులో నీ పేరుతో ప్రవచన మందిరం కట్టిస్తా!"

కాకి ఎగిరి ఇంకా పై కొమ్మకు పోయి కూర్చుంది!

నోరు మూసుకున్నా అంగడి పోతుంది, తెరిచినా పోతుంది. రెండు విధాలా పోయేటప్పుడు మనిషికి కొంచెం ధైర్యం వస్తుంది. లేచి నిలబడ్డాను.

"తప్పయితే మన్నించండప్పా. సావుకారి కొరత మందిరం కాదు. లిల్లీ–మల్లి! దినామూ నా అంగడి వెనక తలుపులో వచ్చి చూస్తాండె. ఆఖరిది చూడకుండా పాయ."

"థూ!" అన్నాడు మురళి. "మా నాయనా? ఆ చెత్తా? నాలిక కోస్తా!"

చుట్టాలంతా చెవులు మూసుకున్నారు. రాఘవేంద్రాచార్లు "హరిహరీ!" అన్నాడు. నేను ఆగలేదు. కాకి వైపు తిరిగి చేతులు జోడించాను. ముగింపు నాకూ తెలియదు. అయినా ఆకలితో ఉన్నవాడికి ఏదో ఒకటి పెట్టాలి కదా!

"సావుకారీ! ఆ నల్ల ముసుగోడు ఎవరో కాదు, పోలీసు కమిషనరు! లిల్లీ ముసుగు లాగింది, మల్లి తన్నింది, వజ్రం దొరికింది. ఇంక నెమ్మదిగా తినుపో!"

కాకి కదల్లేదు.

"అబద్ధం చెప్తావేమప్పా, పోయినాయనకి!" అని గట్టిగా అరిచిందెవరో కాదు, రాజ్యలక్ష్మమ్మ! "కమిషనర్ను మొదట్లోనే కట్టేసినారు. ముసుగు తీస్తే లిల్లీకి డాన్సు నేర్పిన మాస్టరు!"

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"లిల్లీకి కాదుమ్మా, మల్లికి" అన్నాడు మురళి. అన్నాక నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు గానీ, మాట అప్పటికే చెట్టెక్కింది.

"మల్లికే!" అన్నాడు ఆచార్లు గొడుగు మూసి. "వజ్రాన్ని గజ్జెల్లో దాచినాడు. ఆ గజ్జె చప్పుడు రాలేదనే గదా మల్లి కనిపెట్టింది! ఎంత తెలివి!"

"అయితే హెలికాప్టర్ను నడిపిందెవరు సామీ?" అని ఎవరో చుట్టం.

పడిపోయిన పద్మప్రియ లేచి కూర్చుంది. "అదంతా వద్దత్తా. మల్లి పెండ్లయిందా లేదా? నా ఫోను చార్జింగు ఆడికే అయిపాయ!"

"నువ్వు యాడ చూసినావే?" అంది రాజ్యలక్ష్మమ్మ.

"దుప్పట్లో. మీరో?"

"నేనూ దుప్పట్లోనే."

హెలికాప్టరు నడిపింది లిల్లీయా, మల్లియా అని రెండు పార్టీలు అయ్యాయి. తిట్టుకున్నారు. ఆచార్లు దర్భ తీసి ఇసుకలో హెలికాప్టరు బొమ్మ గీసి వివరిస్తున్నాడు. ఊరు ఊరంతా సూతకంలో దొంగతనంగా చూసింది. చూడనివాళ్ళు ఇద్దరే. ఒకరు పోయినాయన, రెండోవాణ్ణి నేను. ఆయనకు సూతకం పాటించింది నా ఒక్క అంగడే!

ఆ గోలలో పైనుంచి ఏదో నల్లగా దిగింది. తల అటూ ఇటూ తిప్పి, అంతా విని, ఓళిగ ముక్క నోట కరుచుకుని పోయింది. చూసింది నేనొక్కణ్ణే.

"ముట్టింది!" అని అరిచాను.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆచార్లు ఇసుకలో హెలికాప్టర్ను కాలితో చెరిపేసి, గొంతు సవరించుకున్నాడు. "చూస్తిరా! ప్రవచన మందిరం మాట ఇయ్యంగానే పెద్దాయన తృప్తి పడినాడు!"

"అవునవును!" అన్నారు చుట్టాలు, విస్తళ్ళ వైపు పరుగెత్తుతూ.

కాకి సాక్షి గనక మందిరం ఆగలేదు, నా అంగడి నిలవలేదు. బస్టాండు దగ్గర ఇరుకు గది చూసుకుని సామాన్లు మార్చాను. మందిరం ప్రారంభం నాడు మళ్ళీ నన్నే పిలిచారు, మైకు వైరు పట్టుకోవడానికి. మురళి వాళ్ళ నాయన ఫోటోకి దండం పెట్టి, "టమోటాకు ఆకుముడత ఎట్లనో..." అని మొదలుపెట్టాడు. చప్పట్లు మోగాయి.

సభ అయ్యాక నన్ను స్తంభం చాటుకు పిలిచాడు.

"ఏమప్పా ఓబుళేశూ, లిల్లీ–మల్లి రెండో భాగం వస్తాండాదంట గదా? ఇంట్లో చూసేకి కుదరదు, నేనిప్పుడు సంఘం అధ్యక్షుణ్ణి. నీ కొత్త అంగడికి వెనక తలుపు ఉండాదా?"

"ఉండాది సావుకారీ" అన్నాను. "అయితే, లోపల మీ అమ్మకు కుర్చీ, ఆచార్లకు స్పీకర్ పెట్టె ముందే చెప్పి పెట్టినారు. నువ్వు కిటికీ కాడ నిలబడి చూడాల."