సంపులో ఇంగ్లీషు మాస్టారు

ఇంటికి దేవుడి గది లేకపోయినా నడుస్తుంది గానీ, ట్రాప్‌డోర్ లేకపోతే అది ఇల్లే కాదు!

నవ్వకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో పద్దెనిమిదేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నవాణ్ణి. ట్రాప్‌డోర్ అంటే నేలకి పెట్టిన తలుపు. కొత్తపేటలో మా ఇంట్లో దాన్ని సంపు మూత అంటారు, అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్టికి మూత. సరిగ్గా వరండా మధ్యలో ఉంటుంది. నా కాలి బొటనవేలు దానికి కొట్టుకోని రోజు లేదు. అయినా తిట్టను. జిమ్‌కి వెళ్లకుండానే నాకు గెంతడం నేర్పింది అదే కదా!

పదానికి అర్థం డిక్షనరీలో దొరుకుతుంది. వాడుక మాత్రం నాకు తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో తెలిసింది.

మాది తెనాలి వైపు. సమ్మె మొదలయ్యాక ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాడూ జాగ్రత్త అన్నాడు. ఎవరి నుంచో ఒక్కడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మేధావిని కదా, సంపు ఎంత లోతుందో కొలిచి పెట్టుకున్నాను.

ఒక ఉదయం నినాదాలు మా వీధిలోకే వచ్చాయి. గేటు చప్పుడైంది. అంతే! మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి మూత లాక్కున్నాను. వంటింట్లో ఉన్న మా ఆవిడ కుసుమకుమారికి చెప్పే తీరిక లేదు. పెళ్లాన్ని పైన వదిలేసి మొగుడు దాక్కోవడానికి ఇంత మంచి వసతి ఏ అపార్ట్‌మెంటులో ఉందో చెప్పండి!

వచ్చింది ఎదురింటి భిక్షపతి. మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నారట. నిరసనగా రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకుని తినడమన్నమాట. అన్నానికి నీళ్లు కావాలన్నాడు. దానికేం భాగ్యం, సంపులో తోడుకోమంది మా ఆవిడ.

మూత లేచింది. ముందు బకెట్టు, వెనకాల భిక్షపతి మొహం. నేను లుంగీ ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను. సంపు కడుగుతున్నానన్నాను. చేతిలో చీపురైనా లేదు.

అతనితో వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. భిక్షపతి నవ్వలేదు. చెయ్యిచ్చి పైకి లాగాడు.

"సార్, పన్నెండేండ్ల సంది ఎదురుంగనే ఉంటున్న. మీ అమ్మకు బాగలేకుంటె దవాఖానకు నేనే తీస్కపోయిన. నన్ను చూసి గిట్ల దాక్కున్నరా?" అన్నాడు మెల్లగా.

సిగ్గుతో చచ్చిపోయాను.

నేను కాళ్లు పెట్టిన నీళ్లు అన్నానికి పనికిరావు కదా, ఇంకో ఇంట్లో పట్టుకున్నారు. మధ్యాహ్నం భిక్షపతి మళ్లీ గేటు కొట్టాడు, అన్నానికి రమ్మని! వెళ్లాను. రోడ్డు మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని, అడిగి అడిగి వడ్డించాడు.

రెండో ముద్ద దగ్గర గుర్తొచ్చింది. ఈ పన్నెండేళ్లలో మేం అతన్ని ఒక్క పూటైనా మా ఇంటికి భోజనానికి పిలవలేదు.