నడుము లోతు ఏకాంతం

వియత్నాం సముద్రంలో నడుము లోతు నీళ్లలో నిలబడి ఫోటో తీసుకున్న కాసేపటికే, రుచిత మెడలో వేలాడుతున్న ఫోన్ మోగింది. నీళ్లు చొరబడని సంచీలోంచే వేలితో నొక్కింది.

"నడుముల దాంక దిగినవేంది! జర ఒడ్డుకు రా బిడ్డా!"

సూరత్ నుంచి తండ్రి నరహరి కేక అది. ముప్పై ఏళ్లు మరమగ్గాల మోత మధ్య మాట్లాడిన గొంతు ఫోన్‌లో మాత్రం ఎందుకు తగ్గుతుంది?

రుచిత ఒడ్డువైపు చూసింది. ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. కొండల్లో ఉంటాను, సిగ్నల్ ఉండదు, ఫోన్ చేయొద్దు అని కదా ఇంట్లో చెప్పింది! కొండెక్కిన పిల్ల నడుము దాకా మునిగిందని సూరత్‌లో, డిండోలి పేటలో ఉన్న మనిషికి ఎవరు చెప్పారు?

పాఠకులారా, తొందరపడి ఆ ఇంటివాళ్లను తిట్టుకోకండి. విదేశాల్లో తిరిగేవాళ్లకు ఇంటివాళ్ల నిఘాను మించిన వరం లేదు! ఏ ఇన్సూరెన్స్ కంపెనీ మీ తల సరిగ్గా తుడుచుకోమంటుంది? ఏ ఎంబసీకి మీ జలుబు సంగతి తెలుసు? నిన్నటి నూడుల్స్ అరిగాయా అని ఏ గైడ్ అడుగుతాడు?

ఇంత సేవ ఉచితంగా అందుతున్నా రుచితకు తృప్తి లేదు. ఆర్నెల్లు వీపున సంచీ వేసుకుని దేశాలు తిరిగింది. సోమవారం నుంచి సూరత్‌లోనే చీరల డిజైన్ ఆఫీసులో ఉద్యోగం. ఈ చివరి నాలుగు రోజులైనా, తానెక్కడుందో భూమ్మీద ఎవరికీ తెలియకుండా బతకాలని ఆమె కోరిక. మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది?

కానీ మొన్న ఉయ్యాలలో పడుకుంటే, "ఆ తాడు పీలికలైంది, తెగుతది" అని అమ్మ సంధ్యారాణి హెచ్చరించింది. నిన్న సూర్యోదయం చూస్తుంటే, "గంత పల్చటి అంగీ ఏంది?" అని మందలించింది. ఉపగ్రహాలు కూడా అంగీ మందం చెప్పలేవు!

రుచిత హాస్టల్లో పై మంచం కుర్రాణ్ణి అనుమానించి మంచం మార్చింది. లొకేషన్ ఆపేసింది. తన వాట్సాప్ స్టేటస్‌లు ఇంటివాళ్లకు కనిపించకుండా ఒక్కొక్క పేరూ దాచేసింది. ఫలితం లేదు.

నడుము లోతు సంఘటనతో సహనం నశించింది. తడి బట్టలతోనే హాస్టల్‌కు వచ్చి వీడియో కాల్ చేసింది.

"మీకెవరు చెప్తున్నరు? నాకు పేరు కావాలె."

"నా మీద ఒట్టు, నాకెవ్వలు చెప్పలే," అంది అమ్మ.

తెర మీదికి నానమ్మ పోశమ్మ ముక్కు వచ్చింది. "ఎవలో ఎందుకు చెప్తరే? పోంగ నీ పాత ఫోన్ నాకిచ్చి పోయినవ్ గదా. పొద్దుగాల లేస్తే దాంట్ల నీ ఫోటోనే. కింద రాసింది మీ నాయిన చదువుతడు."

"ఏం రాసుంది?"

నరహరి కళ్లజోడు పెట్టుకున్నాడు. "'ఎవరికీ తెలియని చోట, నాతో నేను!'" అని అరిచాడు. "కింద బీచ్ పేరు గూడ పెట్టినవ్!"

హాస్టల్ గదిలో నిద్రపోతున్న వాళ్లందరూ లేచి కూర్చున్నారు.

ఆ పాత ఫోన్‌లో ఉన్న తన పాత నంబరు రుచిత కొత్త ఫోన్‌లో ఆమె పేరుతోనే ఉంది. ఇంటిల్లిపాదినీ దాచింది గానీ, తన పేరు తాను దాచుకోవాలని ఎవరికి తడుతుంది? పైగా రోజూ స్టేటస్ మొదట చూసింది "రుచిత" అని ఫోన్ చూపిస్తే, తనను తాను చూసుకోవడమే కదా ప్రయాణం అంటే అని మురిసిపోయింది కూడా!

ఆమెను చూసి నవ్వకండి పాఠకులారా. నలుగురూ చూస్తే తప్ప మనం ఒంటరిగా ఉన్నామని మనకే నమ్మకం కుదరని రోజులివి.

"కొండ మీదున్నవని అబద్ధం చెప్పినవ్, సరే," అన్నాడు నరహరి, గదంతా వినేట్టు. "మల్ల మమ్ములనే అనుమానిస్తివి. చెప్పిందెవలో ఇప్పుడు పేరు చెప్పు!"

జుట్టులోంచి ఉప్పు నీళ్లు కారుతుండగా రుచిత గొంతు సవరించుకుంది.

"రుచిత."