కరెంటు రాగానే పలికిన గొంతు

ఆ శనివారం పొద్దున్న గున్నమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. భర్త బంగార్రాజు ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు దిగి సైకిలు మీద ఇల్లు చేరేలోగా పనసపొట్టు కూర వండెయ్యాలి. కానీ పక్క క్వార్టరు వరమ్మ వచ్చి, కొడుకు దగ్గర్నించి ఉత్తరం లేదని వంటింట్లో కూర్చుని కళ్ళొత్తుకుంది. ఆమెని ఓదార్చేసరికి కూర అడుగంటింది.

ఇంట్లో బంగార్రాజు మేనకోడలు కుముదిని కూడా ఉంది. మాటని మనిషి చెవి ఎలా పోల్చుకుంటుందో, మిషను ఎలా పోల్చుకుంటుందో ఆ పిల్ల చదువుతోందట. ఆమె తెచ్చిన టేపురికార్డరు ముందు గున్నమ్మ ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. పెట్టెలోకి గొంతు పోతే ఆయుష్షు తగ్గుతుందని భయం.

మధ్యాహ్నం కుముదిని ముందుగదిలో టేపు పెట్టి మీట నొక్కుతుంటే కరెంటు పోయింది. నొక్కిన మీట ఎత్తకుండా పెట్టెని అలాగే వదిలి ఆమె సెక్టర్ 2లో ఉన్న స్నేహితురాలింటికి వెళ్ళింది. గున్నమ్మ చాప మీద కునుకు తీసింది. కాసేపటికి తలమీద ఫాను కదిలింది. ఖాళీగా ఉన్న ముందుగదిలోంచి ఎవరో మెల్లగా అడిగారు.

"తిన్నావేటే తల్లీ? ముందు తిను. ఏడుపు తరవాత."

గున్నమ్మ దిగ్గున లేచి కూర్చుంది. అది అమ్మ గొంతు. విజయనగరంలో అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. టెలిగ్రాం ఆలస్యంగా అంది, గున్నమ్మ వెళ్ళేసరికి చితి ఆరిపోయింది. అమ్మ ఆఖరి మాట వినలేదన్న బాధ ఇంకా తీరలేదు. ఆమె ఆకు వేసి, అన్నం, మాడిన కూర వడ్డించి, తిరుగుతున్న చక్రాల ముందు పెట్టింది.

"తినే అమ్మా! ఎన్నాళ్ళకొచ్చేవే!"

ఏడుపు విని వరమ్మ పరిగెత్తుకొచ్చింది. పెట్టెకి చెవి ఆనించింది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"అరే వొదినా, ఇది నీ గొంతే! గానీ ఆ రెండోది ఎవులు? నూతిలోంచి పిలిచినట్టుంది."

"రెండోది నువ్వే. మొదటిది మా అమ్మ."

"నేనా? నా గొంతు నాకు తెలీదేటి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కేకలు పెట్టారు. అరగంటలో సెక్టర్ 6 ఆడవాళ్ళంతా గుమ్మంలో ఉన్నారు. ఒకావిడ నిమ్మకాయలు కోసింది. ఇంకొకావిడ భూతవైద్యుడు బైగాని రిక్షాలో తెచ్చింది. ఆయన వేపమండతో పెట్టెని ఒక్కటి బాది, రెండోదానికి చెయ్యెత్తేసరికి కుముదిని వచ్చి పెట్టెమీద పడింది.

"ఆగండి! తప్పు నాదే అత్తయ్యా. పెట్టెని చూస్తే మీరు మాట్లాడరని పొద్దున్న మైకు కూరలబుట్టలో దాచాను. ఇవి మీరు వరమ్మగారితో అన్న మాటలే. మన గొంతు మనకి తల ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది. అందుకే ఇలా బయటినించి వింటే మనదనిపించదు."

జనం కుముదినిని తిట్టడానికి సిద్ధమయ్యారు. గున్నమ్మ మాత్రం పెట్టె ముందు కూర్చుంది.

"ఇంకోపాలి ఎయ్యి," అంది. మళ్ళీ వింది. "అయితే మాయమ్మ నా గొంతులోనే ఉండిపోనాదా!" అని నవ్వుతూ ఏడ్చింది.

అప్పుడే బంగార్రాజు సైకిలు దిగాడు. జనాన్ని, బైగాని, ఆకుని ఒకసారి చూసి, ఫ్యాక్టరీ మోతకి చెవులు మందగించాయేమో, విషయం రెండుసార్లు గట్టిగా చెప్పించుకున్నాడు. తరవాత కాళ్ళు కడుక్కుని ఆ ఆకు ముందే కూర్చున్నాడు.

"మా అత్త ఈ ఇంట్లోనే ఉందని తొమ్మిదేళ్ళనించీ సెప్తన్నాను. ఎవులు విన్నారు?"