జానెడు పొట్టి పెట్టె, తాళం పడిన ఫోను

ఎవేలియో శవపేటికలు చేస్తాడు. ఊళ్ళో అతన్ని ఆఖరి కొలత ఎవేలియో అంటారు. అతను బజారులో ఎదురైతే ముసలివాళ్ళు ఎందుకైనా మంచిదని నడుం కాస్త వంచి నడుస్తారు. కొలతకు అందకూడదని వాళ్ళ తాపత్రయం.

అలాంటి మనిషికి కూడా ఒకరంటే భయం. ఆయన మామగారు దోన్ క్రిసాంతో.

మామగారు కొండమీది పల్లెలో ఒంటరిగా ఉంటారు. అక్కడి పెద్దవాళ్ళు ఓపిక ఉండగానే తమ పెట్టె తాము చేయించుకుని అటకమీద పెట్టుకుంటారు. అవసరం పడేదాకా అందులో మొక్కజొన్నలు పోసుకుంటారు. దోన్ క్రిసాంతో పెట్టె చేసింది అల్లుడే. బడి బీరువాకు పోగా మిగిలిన చెక్కతో చేశాడు. జానెడు పొట్టిదైంది.

"చచ్చాక మనిషి కాస్త కుదించుకుపోతాడు మామా" అని సర్దిచెప్పబోయాడు.

"నువ్వు చచ్చి చూశావేంట్రా?" అన్నారు మామగారు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం భోజనం వేళకి ఎవేలియో భార్య దొమితిలా ఫోను మోగుతుంది. తండ్రిదీ కూతురిదీ నీలం కంపెనీ. నీలం నుంచి నీలానికి మాటలు ఉచితం, అందుకని ఆ మాటలకు అంతుండదు. ఎవేలియో టోర్టియా రొట్టెలు చల్లారి అట్టముక్కలయ్యేవి. పైగా ప్రతి కబురూ అతని కంచంలోనే వచ్చి పడేది.

"నాన్న మళ్ళీ పెట్టెలో పడుకుని చూశాట్ట. మోకాళ్ళు ముడుచుకోవాల్సి వస్తోందిట."

"ముడుచుకోమను. తల్లి కడుపులో ముడుచుకునేగా ఉన్నాడు!"

"మూత కిర్రుమంటోందిట."

"పడుకున్నాక ఆయనకి వినబడదులే!"

చివరికి ఎవేలియో బుర్రలో ఒక పథకం మొలిచింది. దొమితిలా పుట్టినరోజుకి ఎర్ర కంపెనీవాళ్ళ ఫోను తెచ్చిచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. ఎర్ర కంపెనీ సిమ్ చిప్పు తప్ప ఇంకేది పెట్టినా ఉమ్మేసే రకం. కంపెనీయే తాళం వేసి అమ్ముతుంది. ఆ సంగతి దుకాణంలో ఒకటికి రెండుసార్లు అడిగి మరీ కొన్నాడు. సరిగ్గా అదే రోజు పాత ఫోను వార్నిష్ డబ్బాలో పడి ప్రాణం విడిచింది.

దొమితిలా పాత చిప్పు తుడిచి కొత్తదాంట్లో పెట్టింది. చెల్లదంది ఫోను. తీసి, ఊది, మళ్ళీ పెట్టింది. మళ్ళీ చెల్లదంది.

"ఇదేం ఫోనయ్యా?"

"కంపెనీ రూలే. రెండేళ్ళు వాళ్ళ చిప్పే పెట్టాలిట."

"ఫోను నాది, చిప్పు నాది, నాన్న నావాడు. మధ్యలో ఈ కంపెనీ ఎవరు?"

ఎవేలియో రంపం వెతికే నెపంతో కొట్లోకి జారుకున్నాడు.

ఎర్ర నంబరు నుంచి తండ్రికి చేసింది. ఆయన ఎత్తలేదు. పక్కింటివాళ్ళ ఫోన్లు అడిగి చేసింది; అవీ ఎర్రవే, ఆమె చిప్పు వాటిల్లోనూ చెల్లలేదు. ఎత్తలేదు. ఎత్తడు కూడా. ఆ చుట్టుపక్కల తెలియని నంబరంటే మామూలు కట్టు, లేకపోతే ఇల్లు తగలబెడతాం అనే ముఠావాళ్ళ నంబరే. అలాంటి ఫోను ఎత్తిన సొంత అన్నని దోన్ క్రిసాంతో తన చేతులతోనే పూడ్చాడు. ఎవేలియోకి ఈ సంగతి తెలుసు. పథకం వేసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే. పల్లెలో మిగతావాళ్ళ నంబర్లన్నీ వార్నిష్‌లో కలిసిపోయాయి.

"బజార్లో ఓస్మిన్ ఫోన్ల తాళాలు తీస్తాట్ట. పద" అంది దొమితిలా.

ఆమె జడ వేసుకునేలోపు ఎవేలియో వెనకదారిన ఓస్మిన్ దగ్గరికి పరిగెత్తాడు.

"తాళం రావట్లేదని చెప్పరా. మీ అమ్మకి పెట్టె ఉచితంగా చేసిస్తా."

"మా అమ్మ రాయిలా ఉందయ్యా!"

"తొందరేం లేదు."

ఓస్మిన్ సరేనన్నాడు. దొమితిలా కళ్ళముందే అడ్డమైన అంకెలన్నీ శ్రద్ధగా నొక్కి, నిట్టూర్చి, తల అడ్డంగా ఊపాడు. నటన బ్రహ్మాండం.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. కొండచరియ విరిగి పల్లె దారి మూసుకుపోయింది. ఇంట్లో భోజనం వేళకి వేడి వేడి టోర్టియాలు, చిక్కుళ్ళు, నిశ్శబ్దం. కోరుకున్నదే. దొమితిలా ఎదురుగా కూర్చుని గోడకేసి చూసేది. తండ్రికి దగ్గు ఉంది. మందు వేసుకున్నాడో లేదో అడిగే దిక్కు లేదు. వడ్డిస్తుందే గానీ తినేది కాదు. ఎవేలియోకి ముద్ద దిగడం మానేసింది. ఆ కిర్రుమనే మూత గురించి ఒక్క ఫిర్యాదు వినబడితే బాగుండునని అతనికే అనిపించసాగింది.

ఆగలేక ఓస్మిన్ దగ్గరికి వెళ్ళాడు. "ఈసారి నిజంగా తియ్యరా."

"ఇంకెక్కడి తియ్యడం? ఆవేళ నటించడానికి తప్పుడు అంకెలు కొట్టానుగా. ఇన్నిసార్లే అనే లెక్క దాటిపోయింది. ఇప్పుడా తాళానికే తాళం పడింది. కంపెనీవాడు దిగొచ్చినా రాదు."

తన అబద్ధం నిజమైపోవడం ఎవేలియోకి అదే మొదటిసారి.

దారి తెరుచుకున్న రోజు కొండ దిగిన మొదటి బండివాడు ఎవేలియో కొట్టు ముందు టోపీ తీసి నిలబడ్డాడు. "దొమితిలమ్మా, మీ నాన్నగారి తలుపుకి నల్ల గుడ్డ ముడి కట్టి ఉంది."

తలుపుకి నల్ల ముడి ఉంటే ఆ ఇంట్లో చావు. ఆ ఇంట్లో ఉండేది ఒక్క మనిషి.

దొమితిలా ఏడవలేదు. భర్త వైపు తిరిగింది. "పెట్టె చెయ్యి. ఈసారి సరైన కొలతకి."

ఎవేలియో దేవదారు చెక్క తీశాడు. జానెడు కలిపాడు. వంకరపోయిన మేకుల్ని పీకి మళ్ళీ కొట్టాడు.

బండి వెనక పెట్టె, ముందు ఇద్దరూ. సగం కొండ ఎక్కాక దొమితిలా నోరు విప్పింది.

"ఫోను వంటింట్లో మేకుకి వేలాడేది. వార్నిష్ డబ్బా కొట్లో ఉండేది. ఫోను నడుచుకుంటూ వెళ్ళిందా?"

"లేదు."

"నువ్వేనా?"

"నేనే" అన్నాడు ఎవేలియో. ఆమె బండి అంచుకి జరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మామగారి వాకిలి నిండా జనం. ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న పిండి తమాలేలు ఉడుకుతున్నాయి. చావు తర్వాత తొమ్మిదో రోజున చేసే ప్రార్థన జరుగుతోంది. బండి దిగిన దొమితిలాని చూసి కాఫీ పంచుతున్న ఆడమనిషి పళ్ళెం జారవిడిచి కెవ్వుమంది. లోపల బల్లమీద కొవ్వొత్తులు, పూలు, వాటి మధ్య ఒక ఫోటో. అందులో ఉన్నది దొమితిలా.

గుంపును తోసుకుంటూ దోన్ క్రిసాంతో బయటికొచ్చాడు. తెల్లచొక్కా, ఉబ్బిన కళ్ళు. కూతుర్ని చూశాడు, బండిమీది పెట్టెని చూశాడు.

"పెట్టె కూడా నువ్వే తెచ్చుకున్నావా తల్లీ?"

"నాన్నా... ఇది నీకు!"

ఇద్దరూ ఒకర్నొకరు తడిమి చూసుకున్నారు. వెచ్చగానే ఉన్నారని తేలాక చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఏడుపు అందుకున్నారు.

సంగతి ఇదీ. ఇన్నాళ్ళూ ముసలాయన చేసిన ప్రతిసారీ ఫోనులోని ఆడగొంతు ఆ ఫోను కట్టేసి ఉందని చెప్పేది. చిప్పు ఖాళీగా పడి ఉండి ఉండి కంపెనీవాళ్ళు రద్దు చేశాక మాట మార్చింది. ఆ నంబరు ఇప్పుడు ఎవరి పేరునా లేదంది.

"ఎప్పట్నుంచి అమ్మా అని అడిగాను. జబ్బు చేసిందా అని అడిగాను. చెప్పిందే చెప్తుంది, కఠినాత్మురాలు" అని కళ్ళు తుడుచుకున్నాడు ఆయన. "కూతురి పేరు తీసేశారంటే ఇంకేం మిగిలింది? ముడి కట్టేశాను."

వార్నిష్ సంగతి దొమితిలా తండ్రితో చెప్పలేదు. ఒక్క మాట అంది. "నాన్నా, ఇక ఫోనొద్దు. మాతోనే ఉందువుగాని, రా."

"అల్లుడికి ఇబ్బందేమో?"

"అడుగు" అంది, మొగుడి కళ్ళలోకి సూటిగా చూస్తూ.

"ఎంత మాట మామా!" అన్నాడు ఎవేలియో.

మామగారు దిగివచ్చారు, రెండు పెట్టెలతో సహా. ఇప్పుడు రోజూ భోజనం వేళకి ఎవేలియో ఎదురుగానే కూర్చుంటారు. దగ్గు మధ్యలో కొత్త పెట్టెని మెచ్చుకుంటారు. కాళ్ళు చక్కగా చాచుకోవచ్చట, మేకు మాత్రం ఒకటి గుచ్చుకుంటోందట.

ఓ సాయంత్రం ఆయన పాత పెట్టెకేసి చూపించారు. "అల్లుడూ, ఓసారి అందులో పడుకో."

దొమితిలా మూత తెరిచి పట్టుకుంది. పడుకోక తప్పలేదు. నెత్తి దగ్గర, పాదాల దగ్గర కొలత పట్టి చేసినట్టు సరిపోయింది.

ఎవేలియో అటూ ఇటూ కదలబోయాడు. "ఇది... మా తమ్ముడికైనా ఇచ్చేద్దాం."

"కుదరదు, తాళం పెట్టె ఇది" అంది దొమితిలా పైనుంచి చూస్తూ. "నిన్ను తప్ప ఇంకెవర్నీ తీసుకోదు."

మూత కిర్రుమంది.