పెరట్లో పెద్ద గుండిగ

క్యారియకూ దీవిలో జిల్మా ఇంట్లోని అద్దె గదికి ఆ రోజు మొదటిసారి పరదేశపు అతిథులు వస్తున్నారు. భార్యాభర్తలు. జనం, గోల లేని చోటైతే చాలని ముందే చెప్పారు. ఎదుటి దీవి పెటీ మార్టినిక్‌లో ఆడపడుచు అయోన్ కూడా ఒక గది సిద్ధం చేసుకుని, "మా దీవంత ప్రశాంతత మీకెక్కడిది వదినా?" అని ఏడాదిగా ఎత్తిపొడుస్తోంది. అందుకే ఆ దంపతులు వారమంతా తన ఇంట్లోనే ఉండాలని జిల్మా పట్టుదల.

భర్త కత్‌బర్ట్‌ను రేవుకు పంపి, కందుల కూర వండబోతే గ్యాస్ అయిపోయింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి నిప్పు రాజేసింది. కొత్త గిన్నెలు మసిబారతాయని అటక మీది పెద్ద గుండిగ దింపి, అడుగున నాలుగు గుప్పిళ్ల కందులు పోసింది.

ఆ ఊళ్లో పెరట్లో గుండిగ పొయ్యెక్కిందంటే ఊరందరికీ విందని అర్థం. ఎవరూ పిలవరు, ఎవరూ మానరు.

ముందుగా పక్కింటి వెర్నెస్ గంపెడు మొక్కజొన్న పిండితో దిగింది. "ఏమే, మీ అమ్మ సమాధికి రాయి నిలబెట్టే విందా? మాటమాత్రం చెప్పలేదే!"

"కాదత్తా, ఇద్దరికి వంట."

"ఇద్దరికి ఇంత గుండిగా! నా దగ్గరా దాపరికం?"

తర్వాత మేక వచ్చింది. చేపలు వచ్చాయి. డోళ్లు వచ్చాయి. పొగ సముద్రం దాటి కనిపించిందేమో, పెటీ మార్టినిక్ దీవి దీవంతా పడవలెక్కి వచ్చేసింది, అయోన్ ముందు నడవగా. జిల్మాకు ఏడుపొచ్చింది. కానీ విందుకు వచ్చినవాళ్లను పొమ్మనడం ఆమె ఇంటా వంటా లేదు. తలగుడ్డ బిగించి గరిటె అందుకుంది.

కత్‌బర్ట్ ఒక్కడే తిరిగొచ్చాడు.

"వాళ్లేరీ?"

"డోళ్లు రేవు దాకా వినపడ్డాయి. మనుషుల్లేని చోటికి తీసుకుపొమ్మన్నారు. పడవెక్కించి అయోన్ గదిలో దింపాను."

అయోన్ పళ్లెంతో సహా లేచింది. "చూశావా వదినా! మా దీవి మా దీవే!"

"ఏమన్నారు?" జిల్మా అడిగింది.

"వీధిలో ఒక్క మనిషి లేడని ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయనుకో. ఇంత ప్రశాంతత ఎక్కడా చూళ్లేదట. వారమూ ఉంటారట."

జిల్మా పెరడంతా కలయజూసింది. చంటిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా పెటీ మార్టినిక్ మొత్తం అక్కడే వేళ్లు నాకుతోంది. నడుం నిటారు చేసుకుంది.

"అది మీ దీవి ప్రశాంతత కాదమ్మా అయోన్. పొద్దుటి నుంచి నేను వండింది."

"సర్లే, నా అతిథుల్ని చూసుకోవాలి, పోతాను."

జిల్మా ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టి, పళ్లెంలో మరో గరిటె వడ్డించింది.

అతిథులకు ఇబ్బందని, ఆ రాత్రికి పెటీ మార్టినిక్ వాళ్లెవరినీ ఆమె పడవెక్కనివ్వలేదు.