చదవకుండా పేజీలు తిప్పువారు కావలెను

ఒక పుస్తకం చదవడానికి కనీసం ఎంతమంది సిబ్బంది కావాలన్న ప్రశ్నకు ప్రపంచ దేశాలేవీ ఇంతవరకూ సూటిగా సమాధానం చెప్పలేదు. ఒక్కరు చాలునన్న అపోహ చాలాకాలంగా చలామణిలో ఉంది. న్యూజెర్సీ రాష్ట్రం, పార్సిప్పనీలోని ఒక అపార్టుమెంటు ఈ విషయాన్ని లోతుగా పరిశీలించి, ముగ్గురు మనుషులు, రెండు కెమెరాలు, ఒక నల్ల పట్టుచీర ఉంటే తప్ప పుస్తకం జోలికి వెళ్ళడం క్షేమం కాదని తేల్చింది.

ఆ పుస్తకం ఇందుమతి చేతికి మామూలుగానే వచ్చింది. పక్క బిల్డింగులో ఉండే అంకిత వాళ్ళమ్మ సుబ్బులుగారు గుంటూరు నుంచి వస్తూ, సూట్‌కేసులో ఆవకాయ సీసా కదలకుండా ఒక పాత బైండు పుస్తకాన్ని దన్నుగా పెట్టి తెచ్చారు. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని ఆవిడ అత్తగారు వారం వారం కత్తిరించి దాచి, చివరికి అట్ట వేయించిన పుస్తకమది. ఇందుమతి దాన్ని చూసి, చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టేసింది.

చిన్నప్పుడు ఆ సీరియల్‌ని ఆమె పక్కింటివాళ్ళ పత్రికలో చదివేది. రజని అనే అమ్మాయి టీచరు ఉద్యోగంలో చేరడానికి ట్రంకు పెట్టెతో రాజమండ్రి స్టేషనుకు వస్తుంది. రైలు కూత వేస్తుంది. చేసుకోబోయేవాడు పరుగెత్తుకుంటూ వచ్చి వెళ్ళొద్దంటాడు. ఇంకా ఉంది. ఆ వారమే పక్కింటివాళ్ళకు కర్నూలు బదిలీ అయింది. రజని రైలెక్కిందో లేదో ఇందుమతికి తెలియలేదు. తర్వాత ఆమె బి.ఏ. పాసైంది, పెళ్ళి చేసుకుంది, సముద్రాలు దాటింది, గ్రీన్‌కార్డు వరుసలో నిలబడింది. రజని మాత్రం ప్లాట్‌ఫారం మీదే ఉంది.

“తీసుకెళ్ళమ్మా,” అన్నారు సుబ్బులుగారు. “నేను ఊరెళ్ళేలోగా ఇచ్చెయ్యి, చాలు. మా అత్తగారి గుర్తని ఉంచాను గానీ నాకు కథలు పడవు. రెండు పేజీలు చూస్తే నిద్రొచ్చేస్తుంది.”

ఇంటికి వచ్చి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఇందుమతి అట్ట తెరిచింది. గోరంత కాగితం ముక్క రాలి కార్పెట్ మీద పడింది. అది పడడం ఆమె భర్త తేజేశ్వర్ చూశాడు. (ఆయన వృత్తిరీత్యా ఒక కంపెనీ డేటా పోకుండా కాపలా కాస్తాడు. పోయిన సందర్భాల్లో పోలేదని నివేదిక రాస్తాడు.)

“ఇందూ, చెయ్యి తియ్యి.”

“ఏమైందండీ?”

“డేటా లాస్ అవుతోంది.”

“చివరి భాగం ఒక్కటీ చూసి ఇచ్చేస్తాను.”

“చివరి పేజీలే అన్నిటికన్నా వీక్‌గా ఉంటాయి. కొంచెం ఓపిక పట్టు, స్కాన్ చేసి నీ ఐప్యాడ్‌లో పెట్టేస్తా. లైఫ్‌లాంగ్ చదువుకోవచ్చు.”

“పోనీ ఫోన్‌తో ఫోటోలు తీసేస్తే?”

తేజేశ్వర్ ఆమెను జాలిగా చూశాడు. “అది స్కేల్ అవ్వదు. రేపు వెయ్యి పుస్తకాలొస్తే?” అన్నాడు. ఉన్నది ఒకటే పుస్తకం.

పుస్తకం పాస్‌పోర్టులూ వీసా కాగితాలూ ఉండే ఇనప పెట్టెలోకి వెళ్ళింది. (ఆ పెట్టె నంబరు ఇంట్లో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరు ఇందుమతి కాదు.)

బజారులో దొరికే స్కానరు మీద పుస్తకాన్ని బోర్లా అదిమితే బైండు విరుగుతుంది కాబట్టి, సొంతంగా ఒకటి కట్టాలని నిర్ణయమైంది. రెండు చెక్కలను ఏటవాలుగా చేర్చి ఊయల లాంటిది చేస్తారు. పుస్తకం అందులో సగం తెరుచుకుని పడుకుంటుంది. పైనుంచి గాజు పలకలు మెత్తగా ఆనుతాయి. ఎడమ పేజీకొక కెమెరా, కుడి పేజీకొక కెమెరా. కాలితో మీట నొక్కితే రెండూ ఒకేసారి ఫోటో తీస్తాయి. పుస్తకానికి నొప్పి తెలియని ఏకైక భంగిమ ఇదేనని తేజేశ్వర్ బొమ్మ గీసి వివరించాడు. ఒడిలో పెట్టుకుని చదివేవాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే పట్టుకుంటారని ఇందుమతి గమనించింది. గమనికల కోసం ఆ రోజు సమయం కేటాయించలేదు.

ప్రాజెక్టు నిర్వాహకుడిగా కేశవరావు వచ్చాడు. ఆఫీసులో తేజేశ్వర్ పక్క సీటు. ఊళ్ళో తెలుగు సంఘానికి సాహిత్య విభాగం బాధ్యుడు. రోజూ సాయంత్రం హాల్లో నిలబడి సమావేశం జరిగేది. నిలబడితే సమావేశాలు త్వరగా ముగుస్తాయని సిద్ధాంతం. కూర్చోవడానికి కుర్చీలు లేకపోవడం కూడా ఒక కారణం. వాటికి లైట్లు కట్టేశారు.

“వదినగారూ, మీరు ఎండ్ యూజర్, చివరికి వాడుకునేది మీరే,” అన్నాడు కేశవరావు. “మీ రిక్వైర్‌మెంట్ ఏంటో ఒక్క లైన్‌లో చెప్పండి.”

“రజని రైలెక్కిందో లేదో తెలియాలి.”

“అది ఫేజ్ టూలో పెడదాం.”

గాజు పలకల కోసం గోడ మీది పెళ్ళి ఫోటో ఫ్రేములు విప్పారు. (వధూవరులు ప్రస్తుతం గరిటెల సొరుగులో ఉన్నారు.) గాజు మీద వెలుగు మెరవకుండా నల్ల గుడ్డ కావాల్సి వచ్చింది. ఇందుమతి పాత దుప్పటి ఇచ్చింది. అది ముదురు నీలమని తిరస్కరించారు. ఇంట్లో అసలైన నలుపు ఆమె ధర్మవరం పట్టుచీరలో మాత్రమే ఉందని పరీక్షల్లో తేలింది. కెమెరాలు రెండూ ఫోన్లలో మంచి కెమెరాలు రాకముందటివి. నయాగరా చూడడానికి వెళ్ళినప్పుడు తేజేశ్వర్ ఒకటి కొన్నాడు, కేశవరావు ఒకటి కొన్నాడు. వేర్వేరు కంపెనీలవి కావడంతో, పరీక్షకు పెట్టిన పెళ్ళి ఆల్బంలో ఎడమ పేజీ పసుపుగా, కుడి పేజీ నీలంగా వచ్చేవి. కథలో మంచి చెడ్డలు విడదీయడానికి ఇది పనికొస్తుందని కేశవరావు అన్నాడు.

ఇంతలో లైట్ల మెరుపులు కిటికీలోంచి కనిపించి, అపార్టుమెంటు ఆఫీసు నుంచి ఈమెయిలు వచ్చింది. ఇంట్లో కొత్తగా చేరినదాన్ని నమోదు చేయాలి. ఫారంలో రెండే గడులున్నాయి: వాషింగ్ మెషీను, పెంపుడు జంతువు. వాషింగ్ మెషీన్లు నిషిద్ధం. అందువల్ల స్కానరు జంతువుగా నమోదైంది. జాతి: మిశ్రమం. స్వభావం: ఇంట్లోవాళ్ళతో సరే. టీకాల గడి దగ్గర తేజేశ్వర్ కాసేపు ఆలోచించి, అప్‌డేట్లన్నీ వేశామని నిజాయితీగా రాశాడు. ఆఫీసువాళ్ళు అభినందిస్తూ ఒక బిస్కట్ల డబ్బా పంపారు.

సుబ్బులుగారి ప్రయాణం రేపనగా స్కానరు సిద్ధమైంది. ఇనప పెట్టె తెరుచుకుంది. ఇక మిగిలింది పేజీలు తిప్పే మనిషి. ఆ పదవి ఇందుమతికి దక్కింది. ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, జుట్టు ముడివేసుకుని మరీ కూర్చుంది. తిప్పుతూ తిప్పుతూ చివరి భాగానికి వస్తుంది కదా. అంతకన్నా ఆమెకు కావలసిందేమీ లేదు.

తేజేశ్వర్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫు చూస్తున్నాడు.

“ఇందూ, నువ్వు చదువుతున్నావా?”

“కళ్ళు పడుతున్నాయి.”

“స్పీడు సగానికి పడిపోయింది. ఇలా అయితే తెల్లారుతుంది.”

“నా కళ్ళు ఎక్కడ పెట్టుకోమంటారు?”

ఇది న్యాయమైన ప్రశ్నేనని ఇద్దరు ఇంజనీర్లూ ఒప్పుకున్నారు. అత్యవసర సమావేశం జరిపి, పేజీలు తిప్పేవారికి తెలుగు చదవడం రాకూడదని నియమం చేశారు. అర్హులైనవారు వెంటనే దొరికారు. కేశవరావు భిలాయిలో పుట్టి పెరిగి, హిందీలో చదువుకున్నవాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరమ్ముక్క రాదు. (సాహిత్య విభాగంలో ఇది ఇంతవరకూ ఇబ్బంది కలిగించలేదు.) ఆయన చేతిలో పేజీలు గాలికి తిరిగినట్టు తిరిగాయి. ఇందుమతిని పకోడీలు వేయమన్నారు.

మర్నాడు అంకిత కారు డిక్కీలో సూట్‌కేసులు సర్దుతుండగా పుస్తకం సుబ్బులుగారి చేతిసంచీలోకి చేరింది. ఆవిడకు తేజేశ్వర్ ఒక కవరు కూడా ఇచ్చాడు. “స్కానరు ప్లాన్ అండీ. మీ అబ్బాయికివ్వండి, ఇంట్రెస్ట్ ఉంటుంది.”

కారు వెళ్ళిపోయాక ఇందుమతి ఐప్యాడ్ తెరిచింది.

ఎడమ పేజీలు పచ్చగా, ముచ్చటగా ఉన్నాయి. కుడి పేజీల్లో కథ లేదు. ఒక టూత్‌పేస్టు ప్రకటన. దాని తర్వాత ఎడమ పేజీలు బోలెడు. మళ్ళీ అదే టూత్‌పేస్టు.

విచారణలో తేలిందేమంటే, కేశవరావు కెమెరాలో నవ్వు కనిపిస్తేనే ఫోటో తీసే సదుపాయం ఒకటి ఉంది. నయాగరాలో ఆయన భార్య కోసం దాన్ని పెట్టారు, మళ్ళీ తీయలేదు. పెళ్ళి ఆల్బంలో అందరూ నవ్వుతున్నారు కాబట్టి పరీక్షల్లో అది బయటపడలేదు. పుస్తకం దగ్గర మీట ఎన్నిసార్లు నొక్కినా ఆ కెమెరా నవ్వు కోసం వేచి చూసింది. సీరియల్లో రజని బొమ్మ వేసినప్పుడల్లా ఏడుస్తూనే ఉంది. పేజీకి పేజీ ఆక్రమించి పళ్ళు చూపించిన టూత్‌పేస్టు అమ్మాయి మాత్రమే కెమెరాకు నచ్చింది.

చిట్టచివరి పేజీ మాత్రం ఉంది. అది కుడి పేజీయే. పేజీ నిండా రజని మొహం, కింద ‘సమాప్తం’. రజని నవ్వుతోంది. పక్కనున్న ఎడమ పేజీలో కొత్త సీరియల్ ప్రకటన మాత్రమే ఉంది. రైల్లో నవ్వుతోందా, ప్లాట్‌ఫారం మీద నవ్వుతోందా అన్నది అంతకు ముందున్న కుడి పేజీలో ఉంటుంది.

“హ్యాపీ ఎండింగే కదా,” అన్నాడు తేజేశ్వర్ ఊరటగా.

“ఎవరికండీ?” అంది ఇందుమతి.

వారం ఆగి ఆమె గుంటూరుకి ఫోన్ చేసింది.

“పిన్నిగారూ, ఒక్క చిన్న సాయం. ఆ పుస్తకం తీసి, చివరి మూడు పేజీలూ నాకు చదివి వినిపిస్తారా? నిద్రొస్తే మధ్యలో ఆపేయండి.”

“ఎక్కడమ్మా,” అన్నారు సుబ్బులుగారు. “మీ ఆయన ఇచ్చిన ప్లాను చూసి మావాడికి పూనకం వచ్చినట్టయింది. పుస్తకం తీసుకెళ్ళి బ్యాంకు లాకరులో పెట్టాడు. స్కానరు అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదట.”

“అయ్యో. ఎప్పటికవుతుందో?”

“చెక్కపని అయిపోయిందమ్మా. కెమెరాలు కూడా దొరికాయి. పేజీలు తిప్పడానికి తెలుగు చదవడం రానివాళ్ళు కావాలని అందులో రాశాడటగా మీ ఆయన? అదొక్కటీ మాకు కష్టం కాలేదు. ఇంట్లో నలుగురు మనవలున్నారు, ఎవర్ని కూర్చోబెట్టినా ఒకటే.”