నీలి నాలుక నేరం

ఒక పెద్ద అడవిలో ఒక వాగు ఉండేది. వాగుకి తూర్పున ఒక జట్టు, పడమట ఒక జట్టు. ఆడేది వెలగకాయాట. ఒకడు వెలగకాయ విసురుతాడు, ఇంకొకడు దాన్ని కర్రతో బాదుతాడు, కాయ వాగు దాటి పడితే గెలుపు. ఆ మాత్రం దానికే అడవి అడవంతా తిండీ తిప్పలూ మాని కూర్చునేది. పులి సైతం ఆట ఉన్న రోజున జింక ఎదురైతే ముందు స్కోరెంతో అడిగేది.

తూర్పు ఒడ్డు జట్టుకి ఏదుపంది వీరాస్వామిని మించిన అభిమాని లేడు. ఆట రక్తి కట్టినప్పుడల్లా అతని ముళ్ళు లేచి నిలబడేవి. అందుకని అతని చుట్టూ ఎప్పుడూ బోలెడు స్థలం ఖాళీగా ఉండేది. అది తనకిచ్చే గౌరవమని అతను అనుకునేవాడు.

పాపం, ఊహ తెలిసినప్పటి నుంచీ అతని కోరిక ఒక్కటే. తూర్పు ఒడ్డు ఒక్కసారైనా తొలకరి పోటీ గెలవాలి, తను కళ్ళారా చూడాలి. ఏటా పడమటి ఒడ్డు ఎలుగుబంటి సూరప్పడు ఆ ఆశ మీద నీళ్ళు చల్లేవాడు. వీరాస్వామి ఇంటికొచ్చి భార్య సత్తెమ్మ మీద విసుక్కునేవాడు.

ఆ ఏడు పోటీకి ముందు సాధనలో సూరప్పడు కొట్టిన కాయ వాగునే కాదు, అవతలి గుట్టనీ దాటింది. వీరాస్వామికి ఒళ్ళు మండిపోయింది.

"ఎంత ఎలుగుబంటైతే మాత్రం అంత బలం ఎక్కడిది? నల్లదుంప నమిలాడు" అన్నాడు.

నల్లదుంప నమిలితే బలం రెట్టింపవుతుంది, నాలుక నీలంగా మారుతుంది. ఆటగాళ్ళు దాన్ని ముట్టకూడదని కట్టుబాటు ఉంది. కట్టుబాటు ఉందన్న తృప్తితో అందరూ దాన్ని మరిచిపోయారు.

దీన్ని చూసుకోవడానికి ఒక శుద్ధి సంఘం కూడా ఉంది. దాని పెద్ద కొంగ పరంధామయ్య. ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడేవాణ్ణి మించిన నిజాయితీపరుడు ఎవరుంటారని అడవి ఆయన్ని ఎన్నుకుంది. చేపల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

"నాలుక చాపు నాయనా" అన్నాడు పరంధామయ్య.

సూరప్పడు చాపాడు. నాలుక నీలంగా ఉంది.

"నేరేడుపళ్ళు తిన్నానండీ. కాపు కాలం కదా" అన్నాడు సూరప్పడు బిక్కమొహం వేసి.

"దొరికిన ప్రతివాడూ నేరేడుపళ్ళే అంటాడు" అని వీరాస్వామి లేచాడు. "నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ పళ్ళు తింటున్నాను. నా నాలుక నాకు ఒక్కనాడైనా నీలంగా కనబడిందా?"

నిజమే, ఎప్పుడూ కనబడలేదు. ఎవరి నాలుక వాళ్ళకి కనబడదు గదా. కాని తూర్పు ఒడ్డుకి ఆ వాదన తిరుగులేనిదిగా తోచి, అందరూ చప్పట్లు కొట్టారు.

"సరే, ఈ ఒక్క పోటీకి దూరం పెడదామా?" అన్నాడు కొంగ.

"అదేం శిక్షండీ?" అన్నాడు వీరాస్వామి. "చెట్టు కింద కూర్చోబెట్టి మేపడమా? జన్మలో కర్ర పట్టకూడదు. నాలుక నీలంగా ఉంటే దోషి, అంతే. సాకులు వినకూడదు, మళ్ళీ విచారణ ఉండకూడదు. ఆట చూసేవాళ్ళం, మాకు ఆ మాత్రం న్యాయం జరగొద్దా?"

చట్టం అక్కడికక్కడే తయారైంది. సంఘం సభ్యుల నాలుకలకి ఇది వర్తించదని కొంగ చివర్లో మెల్లగా చేర్చాడు. చప్పట్ల హోరులో అది ఎవరి చెవినా పడలేదు.

ఆ సాయంత్రం సత్తెమ్మ మొగుడి మొహంలోకి చూసి అంది. "ఏవండీ, ఆ ఎలుగుబంటి నిజమే చెప్పాడేమో. మీ నాలుక చూస్తే..."

"నువ్వు ఏ ఒడ్డుదానివే?" అన్నాడు వీరాస్వామి.

సత్తెమ్మ దుంపలు తవ్వుకోవడానికి వెళ్ళిపోయింది. కాపురాల్లో చాలా సత్యాలు ఇలాగే ఆగిపోతాయి.

తొలకరి పోటీ రోజు వచ్చింది. తూర్పు ఒడ్డున ఒక ఆచారం ఉంది. ఆటకి ముందు ఒక అభిమాని తన చేత్తో తమ వీరుడి నోట్లో ఒక ముద్ద పెట్టాలి. వీరాస్వామి ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న ఆ వంతు ఈసారి అతనికే వచ్చింది. వీరుడు కొండముచ్చు గవరయ్య. సూరప్పడు లేడు గనక గెలుపు ఖాయం.

ఏం పెట్టాలా అని వీరాస్వామి ఆలోచించనే లేదు. నేరేడుపండుకి నాలుక నీలమవుతుందన్నది పడమటి ఒడ్డువాళ్ళ కట్టుకథ అని ఊరూవాడా చాటి చాటి, తనే నమ్మేశాడు. ఆ కథని అందరి ముందూ అబద్ధం చేద్దామని, నిగనిగలాడే పళ్ళు ఏరి దోసెడు తెచ్చి, కళ్ళ నీళ్ళతో గవరయ్య నోట్లో పెట్టాడు. గవరయ్య గింజలతో సహా మింగేశాడు.

"నాలుక చాపు నాయనా" అన్నాడు పరంధామయ్య.

గవరయ్య చాపాడు. నాలుక నీలంగా ఉంది.

"అయ్యా, అవి నేరేడుపళ్ళండీ. నా చేత్తో నేనే పెట్టాను" అన్నాడు వీరాస్వామి.

"దొరికిన ప్రతివాడూ అదే అంటాడని తమరే సెలవిచ్చారు" అన్నాడు కొంగ.

"ఇంకోసారి విచారించండయ్యా."

"అదీ తమరే వద్దన్నారు."

పడమటి ఒడ్డు మొత్తం లేచి న్యాయం కావాలని అరిచింది. గొంతులు వేరే గాని మాటలు మాత్రం వీరాస్వామివే. వీరాస్వామి ముళ్ళన్నీ వాలిపోయాయి. జీవితంలో మొదటిసారి జనం అతని పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

ఆట మొదలైంది. వీరులు లేరు గనక అటు ఒక కుందేలు, ఇటు ఒక ముంగిస కర్ర పట్టాయి. పట్టడం అంటే ఎత్తడం కాదు. కర్ర లేపేలోపే కాయ దొర్లుకుంటూ వెనక్కి పోయేది. జనం ఆవలించారు. పులికి మళ్ళీ ఆకలి గుర్తొచ్చి జింకల వైపు చూసింది.

అప్పుడు ఎక్కడో టప్పుమని చప్పుడైంది. మైదానం అవతల నేరేడు చెట్టు కింద సూరప్పడూ గవరయ్యా పనీపాటా లేక విరిగిన కొమ్మతో వెలగకాయ కొట్టుకుంటున్నారు. ముందు ఉడతలు జారుకున్నాయి, తర్వాత జింకలు, వాటి వెనక పులి. కాసేపటికి మైదానంలో కొంగ ఒక్కడే మిగిలాడు. ఇంత శుద్ధమైన ఆట అడవి చరిత్రలో లేదని ఖాళీ గట్లకి ప్రకటించి, కళ్ళు మూసుకున్నాడు.

చెట్టు కింద జాతర లాగా ఉంది. అందరూ రాలిన పళ్ళు తింటూ, నీలి నాలుకలతో అరుస్తున్నారు. గవరయ్య కొట్టిన కాయ వాగు దాటింది. వీరాస్వామికి ప్రాణం లేచొచ్చింది, ముళ్ళు లేచాయి, పక్కవాళ్ళు దూరం జరిగారు. ఈ ఆనందం కోసం ఏ చట్టమైనా కాల్చేయొచ్చు అనిపించింది. సత్తెమ్మ కూడా నవ్వింది.

అంతలో సూరప్పడు కొట్టాడు. కాయ వాగు దాటి, గుట్ట దాటి, కంటికి కనబడకుండా పోయింది.

వీరాస్వామి నేరేడు గింజ ఉమ్మేసి లేచి నిలబడ్డాడు.

"ఎవరన్నా వాడి నాలుక చూడండయ్యా" అన్నాడు.

నీతి: చట్టం ఎంత కఠినంగా ఉన్నా ఫరవాలేదు, అది వాగు దాటి మన ఒడ్డుకి రాకుండా చూసుకుంటే చాలు.